ఎక్కడ ఉంటావని అత్తను అడిగామా?

(మేధో వైకల్యం ఉన్నవారి ఇల్లు, తోడు గురించి ఒక పాఠం)

పోయిన సంక్రాంతి సెలవుల్లో పావగడ తాలూకాలోని మా ఊళ్లో, మా అవ్వ ఇంట్లో అందరం కూర్చున్నాం. అవ్వకు డెబ్బై దాటాయి. మోకాళ్లు పట్టేశాయి. ఆ ఇంట్లో ఆమెతో పాటు ఉండేది మా అత్త, అంటే మా నాయనకు చెల్లెలు. అత్తకు నలభై ఏళ్లు. పుట్టినప్పటి నుంచి మేధో వైకల్యం ఉంది. "నేను పోయినాక దీని గతేంది?" అని అవ్వ అడిగింది. ఆ మాట కొత్తది కాదు. ఈసారి మాత్రం అవ్వ లేచి నిలబడలేక, కూర్చునే అడిగింది.

"మా ఇంటికి తోలుకొని పోతాం లే" అన్నాడు నాయన. అమ్మ ఏమీ మాట్లాడలేదు. చిన్నాయన "బెంగళూరులో హాస్టల్ ఉందంట, నెలనెలా దుడ్లు కడితే వాళ్లే చూసుకుంటారంట" అన్నాడు. రెండు గంటలు ఇదే మాట. అత్త అదే పడసాలలో గోడకు ఆనుకొని చెనిక్కాయలు ఒలుస్తా ఉంది. పొట్టు ఒక పక్క, గింజలు ఒక పక్క. ఒక్కరం కూడా ఆమె వైపు తిరిగి "నువ్వు యాడ ఉంటావు?" అని అడగలేదు. నేనూ అడగలేదు.

కాలేజీకి తిరిగొచ్చినాక ఆ సంగతి మనసులో నిలిచిపోయింది. దాని గురించి చదివి తెలుసుకున్నది మన గోడపత్రికలో పెడుతున్నాను. ఇట్లాంటి అత్తలు, అక్కలు, మామలు మనలో చాలామంది ఇళ్లలో ఉన్నారు. వాళ్ల గురించి ఇంట్లో మాట్లాడతాం, బయట మాట్లాడం.

ముందు మాట సంగతి

తెలుగు శాఖ వాళ్లం కాబట్టి మాటతో మొదలుపెడదాం. మా ఊళ్లో అత్తను "ఎర్రిది" అంటారు. తిట్టాలని కాదు, పేరు చెప్పినట్టే అంటారు. పాత ప్రభుత్వ కాగితాల్లో "మందబుద్ధి", "బుద్ధిమాంద్యం", "మానసిక వికలాంగులు" అని ఉంటుంది. కన్నడ కాగితాల్లోనూ బుద్ధిమాంద్య అనే ఉంటుంది. ఇప్పుడు వాడుతున్న మాట "మేధో వైకల్యం". సికింద్రాబాద్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ పేరులో కూడా మొదట మానసిక వికలాంగులు అనే అర్థం వచ్చే మాట ఉండేది. తర్వాత దాన్ని మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత సంస్థగా మార్చారు.

మాట మారితే మనిషి బతుకు మారుతుందా అని ఎవరైనా అడగొచ్చు. మాట ఒక్కటే మారితే మారదు. కానీ "ఎర్రిది" అన్నాక ఆమెను ఏమీ అడగాల్సిన పని ఉండదు. ఆ మాటలోనే జవాబు అయిపోతుంది. "మేధో వైకల్యం ఉన్న మనిషి" అంటే చివర్లో మనిషి మిగులుతుంది. మనిషిని అడగొచ్చు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని రెండు భాగాలుగా చెప్పింది. ఒకటి, ఆలోచించడం, నేర్చుకోవడం, చిక్కు విప్పుకోవడం వంటి వాటిలో బాగా వెనకబడి ఉండటం. రెండు, రోజువారీ పనుల్లో, నలుగురితో మెలగడంలో ఇబ్బంది ఉండటం. రెండూ కలిస్తేనే మేధో వైకల్యం. ఇది మానసిక జబ్బు కాదు. జబ్బు ఏ వయసులోనైనా రావచ్చు, మందులతో తగ్గవచ్చు. మేధో వైకల్యం చిన్నప్పటి నుంచే ఉంటుంది, మందుతో పోదు. కానీ నేర్పితే నేర్చుకుంటారు, తోడుంటే బతుకుతారు. మన ఊళ్లలో ఈ రెండింటినీ కలిపి "పిచ్చి" అనేస్తాం. అందుకే ఒకరికి దొరకాల్సిన మందూ దొరకదు, ఇంకొకరికి దొరకాల్సిన చదువూ దొరకదు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇట్లా నమోదైనవాళ్లు 15 లక్షల పైన. ఇంట్లో ఉన్నా చెప్పనివాళ్లు ఈ లెక్కలోకి రారు.

చట్టం ఏమంటుంది

2016 చట్టంలో ఐదో సెక్షన్ చిన్నది. వైకల్యం ఉన్నవాళ్లకు సమాజంలో అందరితో కలిసి బతికే హక్కు ఉంది అంటుంది. ఫలానా చోటే ఉండాలని వాళ్లను బలవంతపెట్టకుండా, వాళ్ల వయసును, ఆడామగా తేడాను గమనించి, ఇంటి దగ్గర, వసతి చోట, ఊళ్లో కావాల్సిన సహాయ సేవలు అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలి అంటుంది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 19వ అధికరణం కూడా ఇదే చెబుతుంది. ఎక్కడ ఉండాలి, ఎవరితో ఉండాలి అన్నది అందరిలాగే వాళ్లూ ఎంచుకోవాలి.

అదే చట్టం 37వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే సాగు భూమిలోనూ, ఇళ్లలోనూ 5 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు కేటాయించాలి, అందులో ఆడవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఊళ్లో ఇళ్ల లబ్ధిదారులను ఎంచేది గ్రామసభలో. మేధో వైకల్యం ఉన్న ఆడమనిషి పేరు మీద ఇల్లు అడగొచ్చని మన ఊరి గ్రామసభల్లో ఎంతమందికి తెలుసు?

ఆస్తి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ప్రకారం జబ్బు, లోపం, అవయవ వైకల్యం ఉన్నాయని ఎవరినీ వారసత్వం నుంచి తప్పించకూడదు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన భాగం ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, కర్ణాటకలో 1994లో, దేశమంతటా 2005లో వచ్చింది. అంటే మా అత్తకు మా తాత పొలంలో భాగం ఉంది. ఈ మాట ఇంట్లో అన్నప్పుడు చిన్నాయన నవ్వాడు. "దానికి చేనెందుకు?" అన్నాడు. చేను అత్తకెందుకో నేను చివర్లో చెబుతాను.

ఇల్లు వేరు, తోడు వేరు

ఈ పాఠంలో ముఖ్యమైన సంగతి ఇదే. మా పడసాలలో జరిగిన మాటలన్నింట్లో ఒక పొరపాటు ఉంది. ఇల్లు, తోడు ఈ రెండింటినీ మేం ఒకటే అనుకున్నాం. ఎవరు చూసుకుంటారో వాళ్ల దగ్గరే ఉండాలి, ఎక్కడ ఉంటే అక్కడివాళ్లే చూసుకోవాలి అన్నట్టు. అందుకే మాకు రెండే దారులు కనిపించాయి: మా ఇల్లు, లేదా హాస్టల్.

రెండింటినీ విడదీసి చూస్తే ఇంకా దారులు కనిపిస్తాయి.

ఒకటి, ఉన్న ఇంట్లోనే ఉండటం, సాయం చేసే మనిషి అక్కడికి రావడం.

రెండు, అన్నదమ్ముల ఇంటి పక్కనే వేరుగా ఒక గది వేసుకొని ఉండటం. మన ఊళ్లలో పెళ్లయిన కొడుకుకు వేరు పొయ్యి పెట్టించడం మనకు కొత్త కాదు. పెళ్లికాని ఆడమనిషికి పెట్టించడమే కొత్త.

మూడు, అదే ఊళ్లోనో, దగ్గరి టౌన్‌లోనో మామూలు వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకొని ముగ్గురు నలుగురు కలిసి ఉండటం, వాళ్లకు తోడుగా ఒకరిద్దరు పనిచేయడం.

నాలుగు, బంధువుల ఇంట్లో ఉండటం, పగలు మాత్రం నేర్చుకునే కేంద్రానికి పోయి రావడం.

ఐదోది పెద్ద వసతి గృహం.

ఎవరికి ఏది సరిపోతుంది అన్నది వైకల్యం శాతాన్ని బట్టి తేలదు. ఇష్టాన్ని బట్టి, కావాల్సిన సాయాన్ని బట్టి తేలుతుంది. మా అత్తనే తీసుకోండి. సెలవుల్లో మిగిలిన నాలుగు రోజులు నేను కాగితం పట్టుకొని ఆమె వెంట తిరిగాను. ఆమె పొద్దున్నే లేస్తుంది, కసువు ఊడుస్తుంది, కొళాయి నీళ్లు పడుతుంది, ఎనుముకు గడ్డి వేస్తుంది, స్నానం తనే చేస్తుంది, గుడ్డలు ఉతుక్కుంటుంది. రానివి ఇవి: పొయ్యి దగ్గర జాగ్రత్త తెలియదు, డబ్బు లెక్క రాదు, మాత్రలు గుర్తుండవు, నెలసరి రోజుల్లో గుడ్డ మార్చుకోవాలని ఒకరు గుర్తు చేయాలి. రాత్రి ఒంటరిగా ఉండలేదు.

అంతా కూడితే ఆమెకు కావాల్సింది పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఒక మనిషి, రాత్రి పడుకోవడానికి ఇంకొకరి తోడు. ఆ రెండు గంటల సాయం కోసం మేం ఆమె ఇరవై నాలుగు గంటలనూ, ఊరినీ, ఎనుమునూ, వీధినీ తీసేయాలని అనుకున్నాం.

అందరి సంగతి ఇంత తేలిక కాదు. అన్నం తినిపించాల్సినవాళ్లు, పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాల్సినవాళ్లు ఉన్నారు. అక్కడా లెక్క ఇదే. సాయం ఎక్కువ కావాలి, కాబట్టి సాయం పెంచాలి. సాయం ఎక్కువ కావాలి కాబట్టి ఇల్లు వదలాలి అనడం వేరే మాట.

నేర్పడం గురించి కూడా ఒక మాట. ప్రత్యేక విద్యలో ఒక పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి నేర్పుతారు. తల దువ్వుకోవడం అంటే దువ్వెన తీసుకోవడం, పట్టుకోవడం, పాపిట దగ్గర పెట్టడం, కిందికి లాగడం అని ఒక్కొక్కటిగా. కొన్నిసార్లు చివరి మెట్టు ముందు నేర్పుతారు. మిగతాదంతా మనం చేసి, చివరిది వాళ్లతో చేయిస్తే పని పూర్తిచేసిన సంతోషం మొదటి రోజే దొరుకుతుంది. మా అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు. చెనిక్కాయలు ఒలవడం అత్తకు ఇట్లాగే నేర్పింది. కాయ తను పగలగొట్టి ఇచ్చేదంట, గింజ తీసి చేటలో వేయడం అత్త పని.

పెద్ద గోడల వెనక

హాస్టల్ అంటే చెడ్డదే అని నేను అనడం లేదు. ఎవరూ లేనివాళ్లకు అదే దిక్కు అయిన చోట్లు ఉన్నాయి. అయినా పెద్ద వసతి గృహాల చరిత్ర ఆడపిల్లలుగా మనం తెలుసుకోవాలి.

1994లో మహారాష్ట్రలో, పుణె దగ్గర శిరూరులోని ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న మేధో వైకల్యం గల ఆడపిల్లలకు గర్భసంచి తీసివేసే ఆపరేషన్లు చేయించారు. నెలసరి శుభ్రత చూసుకోవడం కష్టం అన్నది చెప్పిన కారణం. దేశమంతా ఆడవాళ్ల సంఘాలు దాన్ని ఖండించాయి. గుడ్డ మార్చడానికి ఒక మనిషిని పెట్టడం కన్నా ఒళ్లు కోయడం సులువు అనిపించింది. వసతి గృహం సౌకర్యం ముందు, మనిషి తర్వాత అయితే ఇట్లా అవుతుంది.

2009లో చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రయంలో ఉన్న ఒక యువతి అక్కడే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. ఆమెకు తక్కువ స్థాయి మేధో వైకల్యం ఉంది. గర్భం తీసేయాలని హైకోర్టు చెప్పింది. ఆమె మాత్రం బిడ్డ కావాలంది. సుప్రీంకోర్టు ఆమె మాటనే నిలబెట్టింది. ఆమె ఒప్పుకోకుండా గర్భం తీయకూడదు అంది. కాపాడటానికి పెట్టిన చోటే ఆమెకు కాపు లేకపోయింది. "ఈమెకు ఏం తెలుసు" అని అందరూ అనుకున్న మనిషికి తనకేం కావాలో తెలుసు.

ఇతర దేశాలు కూడా ఈ దారిలో నడిచే నేర్చుకున్నాయి. స్వీడన్‌లో బెంగ్ట్ నిర్యె అనే ఆయన 1969లో ఒక సూత్రం రాశాడు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకూ రోజుకు ఒక లయ, వారానికి ఒక లయ, ఏడాదికి ఒక లయ అందరిలాగే ఉండాలి అన్నాడు. చదివితే నాకు మా ఊరే గుర్తొచ్చింది. శనివారం పావగడ శనిమహాత్మ గుడికి పోయే బస్సులు, నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి తేరు, ఉగాదికి సున్నం కొట్టడం. అత్తకు తేదీలు తెలియవు కానీ ఇవన్నీ తెలుసు. హాస్టల్‌లో అన్ని రోజులూ ఒకటే రోజు. స్వీడన్ చట్టం చేసి, 1999 చివరికల్లా తన పెద్ద ఆశ్రమాలను మూసేయాలని నిర్ణయించింది. వాటి బదులు మామూలు వీధుల్లో చిన్న ఇళ్లు, సహాయకులు వచ్చారు.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో లోయిస్ కర్టిస్, ఎలేన్ విల్సన్ అనే ఇద్దరు ఆడవాళ్లు ఉండేవాళ్లు. మేధో వైకల్యంతో పాటు మానసిక జబ్బు కూడా ఉండి ఆసుపత్రిలో చేరారు. బయట ఉండగలరు అని డాక్టర్లు చెప్పినా వాళ్లను అక్కడే ఉంచారు. వాళ్లు కోర్టుకు పోయారు. అవసరం లేకుండా గోడల మధ్య ఉంచడం వివక్షే అని 1999లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. లోయిస్ కర్టిస్ తర్వాత బయట ఇంట్లో ఉంటూ చిత్రకారిణి అయింది. 2011లో వైట్‌హౌస్‌కు పోయి తన బొమ్మను అధ్యక్షుడు ఒబామాకు ఇచ్చింది.

ఇవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లు అనుకోవద్దు. బెంగళూరులో ఆశానికేతన్ 1970 నుంచి ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అక్కడ ఒక కుటుంబంలాగా కలిసి ఉంటారు. చెన్నైకి చెందిన బన్యన్ సంస్థ ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయిన మానసిక జబ్బు గల ఆడవాళ్లను నలుగురైదుగురు చొప్పున మామూలు అద్దె ఇళ్లలో పెట్టింది. ఆ పనిని 2015లో మొదలుపెట్టారు. జబ్బు వేరు, వైకల్యం వేరు అని పైన చెప్పాను. ఇల్లు వేరు, తోడు వేరు అన్న పాఠం మాత్రం ఇద్దరికీ ఒకటే.

పావగడలో చూస్తే

పావగడ కర్ణాటకలో ఉన్నా చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్రా నేలే. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ. జిల్లా కేంద్రం తుమకూరు సుమారు నూరు కిలోమీటర్లు. ఈ భౌగోళికం మేధో వైకల్యం ఉన్నవాళ్ల మీద ఎట్లా పడుతుందో చూడండి.

మొదటిది సర్టిఫికెట్. పెన్షన్ కావాలన్నా, ఏ పథకం కావాలన్నా ముందు వైకల్య ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు ఉండాలి. మేధో వైకల్యం కొలవడానికి తెలివితేటల పరీక్షతో పాటు, తినడం, గుడ్డలు వేసుకోవడం, మాట్లాడటం, నలుగురితో మెలగడం ఎంత వచ్చో చూసే ఇంకో కొలత వాడతారు. అత్తను కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ కన్నడలో అడిగారు. అత్తకు తెలుగు తప్ప రాదు. గమ్మున కూర్చుంది. ఆ మౌనాన్నే రాసుకున్నారు. "శాతం ఎక్కువ వచ్చింది, పెన్షన్‌కు మంచిదే" అన్నాడు నాయన. నిజమే. కానీ రేపు పొలం కాగితాల దగ్గర "ఈమెకు ఏమీ తెలియదు" అని చూపించేది కూడా ఆ కాగితమే.

రెండోది సేవలు. కర్ణాటకలో ప్రతి గ్రామ పంచాయతీకి ఒక గ్రామీణ పునర్వసతి కార్యకర్త, తాలూకాకు ఒక బహుళ పునర్వసతి కార్యకర్త ఉండే ఏర్పాటు ఉంది. వీళ్లను వి.ఆర్.డబ్ల్యూ., ఎం.ఆర్.డబ్ల్యూ. అంటారు. గ్రామ కార్యకర్త కూడా వైకల్యం ఉన్న మనిషే. ఇది చాలా మంచి ఏర్పాటు, ఎందుకంటే సేవ ఊళ్లోకే వస్తుంది. అయితే ఆ మనిషి దగ్గరకు మనం పోయేది పెన్షన్ అర్జీకి, కార్డుకు మాత్రమే. రోజూ వచ్చి సాయం చేయడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కొన్ని పథకాలు ఉన్నాయి. నిరామయ అనేది ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా. సమర్థ్ కొద్దికాలం ఉంచుకునే వసతి. తల్లికి ఆపరేషన్ అయితే, ఇంట్లో పెళ్లి ఉంటే, లేదా చూసుకునే మనిషికి నాలుగు రోజులు విశ్రాంతి కావాలంటే పనికొస్తుంది. ఘరౌందా పెద్దవాళ్లు జీవితాంతం ఉండగల ఇల్లు. పేర్లు బాగున్నాయి. కానీ ఈ వసతులను నడిపేది రిజిస్టర్ అయిన స్వచ్ఛంద సంస్థలు. సంస్థ ఉన్న ఊరికే పథకం వస్తుంది. సంస్థలు ఉండేది ఎక్కువగా సిటీల్లో. అందుకే ఊరి మనిషికి వసతి అంటే ఊరు వదలడమే అయింది.

సరిహద్దుకు అవతల అనంతపురం ప్రాంతంలో, విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్.డి.టి. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడిపింది, ఊళ్లలో వైకల్యం ఉన్నవాళ్ల సంఘాలను నిలబెట్టింది. ఊరి మనుషులతో, ఊళ్లోనే పని జరుగుతుంది అనడానికి అది మన పక్కనే ఉన్న ఉదాహరణ.

మూడోది భూమి. తిరుమణి చుట్టుపక్కల ఐదు గ్రామాల్లో సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్క్ వచ్చింది. రైతులు పొలం అమ్మలేదు, కౌలుకు ఇచ్చారు. మొదట ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు. వానమీద ఆధారపడిన మన తాలూకాలో చాలా ఇళ్లకు ఏడాదికి ఒకసారి ఖాయంగా వచ్చే డబ్బు అది. అట్లాంటి ఇంట్లో మా అత్త లాంటి ఆడమనిషి ఉంటే, కౌలులో ఆమె భాగం ఎవరి చేతికి పోతుంది? 2016 చట్టం 13వ సెక్షన్ ఆమెకు ఆస్తి హక్కు ఉందంటుంది. 14వ సెక్షన్ ప్రకారం, ఆమెకు అవసరమైతే నిర్ణయాల్లో తోడుగా పరిమిత సంరక్షకుణ్ని పెట్టొచ్చు. ఆ సంరక్షకుడు ఆమె ఇష్టం తెలుసుకొని ఆమెతో కలిసి నిర్ణయించాలి, ఆమె బదులు కాదు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు సంరక్షకులను పెట్టే అర్జీలు జిల్లాధికారి ఉండే స్థానిక కమిటీ కూడా చూస్తుంది.

చేను అత్తకెందుకు అంటే ఇందుకు. ఆమె భాగం మీద వచ్చే డబ్బుతో పొద్దున, సాయంత్రం వచ్చే పక్కింటి అక్కకు జీతం ఇవ్వొచ్చు. అప్పుడు అత్త ఎవరి దయ మీదా ఉండదు. మా అమ్మ మౌనానికీ జవాబు దొరుకుతుంది. "మేం చూసుకుంటాం" అని మగవాళ్లు అంటారు, చూసుకునేది మాత్రం ఇంటి ఆడవాళ్లు. జీతం లేని ఆ పనికి విలువ కట్టనంతకాలం ఇంట్లో ఉంచుకోవడం అన్నది కూడా ఒకరి మీద బలవంతమే.

అడగడం ఎట్లా?

సెలవుల చివరి రోజు అత్తను అడిగాను. "హాస్టల్‌కు పోతావా?" అన్నాను. "ఊఁ" అంది. నాకు గుండె జారింది. కాసేపాగి "ఈడనే ఉంటావా?" అన్నాను. "ఊఁ" అంది.

తర్వాత చదివితే తెలిసింది, ఇది చాలామందిలో ఉండేదే అని. జీవితమంతా చెప్పినట్టు విన్నవాళ్లు ఏది అడిగినా ఔననే అంటారు. కాబట్టి ఔను, కాదు అని తేలే ప్రశ్న వేయకూడదు. రెండు బొమ్మలో, రెండు ఫొటోలో ముందు పెట్టి ఏదో ఒకటి చూపించమనాలి. వరుస మార్చి మళ్లీ అడగాలి. ఇంకో రోజు, ఇంకో మనిషి అడగాలి. చూడని చోటు గురించి అడిగితే జవాబు ఉండదు. అందుకే ముందు తీసుకుపోయి చూపించాలి, రెండు రాత్రులు ఉండనివ్వాలి. మాట రానివాళ్ల విషయంలో ముఖం, తిండి, నిద్ర చూసి తెలుసుకోవాలి. చూసుకునే మనిషి లేని చోట అడగాలి, ఎందుకంటే వాళ్ల ముందు వాళ్లకు నచ్చే మాటే చెబుతారు.

శివరాత్రికి పోయినప్పుడు ఫోన్‌లో ఫొటోలు తీసుకుపోయాను. మా ఇల్లు, ఒక హాస్టల్ వరండా, అవ్వ ఇల్లు. అత్త మూడుసార్లూ అవ్వ ఇంటి మీదే వేలు పెట్టింది. "ఈడనే. ఎనుము ఉండాది గదా" అంది. "అవ్వ ల్యాకుంటే?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "రేత్రి భయమయితాది" అంది.

ఆమెకు ఇల్లు తెలుసు, తనకు కావాల్సిన తోడు తెలుసు, ఆ తోడు ఏ వేళకు కావాలో కూడా తెలుసు. మేం రెండు గంటలు మాట్లాడి తేల్చలేనిది ఆమె రెండు మాటల్లో చెప్పింది. అయితే అంతటితో సమస్య తీరలేదు. రాత్రి తోడు ఎవరన్నది ఇంకా తేలలేదు. పక్కింటి అక్క పగలు వస్తానంది, రాత్రికి కాదు. పొలంలో భాగం మాట చిన్నాయన ఇంకా ఒప్పుకోలేదు. ఊళ్లోనూ ఆడమనిషికి అపాయం ఉంటుంది, అది కూడా చూసుకోవాలి. కానీ ఇప్పుడు మా ఇంట్లో మాట్లాడేది "యాడ పెడదాం" అని కాదు, "రాత్రికి ఎవరిని తోడు పెడదాం" అని.

మన శాఖ చేయగలిగింది

2016 చట్టంలో భావ వ్యక్తీకరణ అంటే ఏమిటో చెప్పేచోట బ్రెయిలీ, సంజ్ఞా భాషలతో పాటు సాదా భాషను కూడా చేర్చారు. సాదా భాష అంటే చిన్న వాక్యాలు, వాక్యానికి ఒకే సంగతి, ఇంట్లో మాట్లాడే మాటలు, పెద్ద అక్షరాలు, పక్కన బొమ్మ. రాసినాక ఎవరి కోసం రాశామో వాళ్లకే చదివి వినిపించి, అర్థం కాని మాట తీసేయాలి. సమాసాలు విప్పడం మనకు తెలుసు. అదే విద్యను ఇక్కడ వాడొచ్చు. ఐదో సెక్షన్‌ను అత్త కోసం నేను ఇట్లా రాశాను:

నువ్వు యాడ ఉండాలో నువ్వు చెప్పొచ్చు.
ఎవరితో ఉండాలో నువ్వు చెప్పొచ్చు.
కొత్త ఇల్లు ముందు చూసి రావొచ్చు.
నచ్చకుంటే వద్దు అని చెప్పొచ్చు.
పనికి తోడు కావాలంటే అడగొచ్చు.
నిన్ను ఎవరన్నా కొడితే, తాకితే మాకు చెప్పు.

చివరి వాక్యం ఆ సెక్షన్‌లో లేదు. అత్తకు అది కూడా కావాలని చేర్చాను.

మనలో పావగడ వైపు నుంచి వచ్చేవాళ్లం ఉన్నాం, ఆంధ్రా ఊళ్ల నుంచి వచ్చేవాళ్లం ఉన్నాం. నిరామయ, యు.డి.ఐ.డి., ఇళ్ల కేటాయింపు, సంరక్షణ, ఈ నాలుగింటి గురించి ఒక్కొక్క పేజీ సాదా తెలుగులో రాసి బొమ్మలు వేద్దాం. మేడమ్‌లు దిద్దితే మన ఊరి పంచాయతీ కార్యకర్తలకు ఇద్దాం. పరీక్షకు పోయే మనిషి వెంట తెలుగు, కన్నడ రెండూ వచ్చిన ఒకరు ఉంటే, అత్తకు జరిగినట్టు ఇంకొకరికి జరగదు. 2023 జూన్ నుంచి కర్ణాటక వాసులైన ఆడవాళ్లకు రాష్ట్రంలో మామూలు సర్కారు బస్సులు ఉచితం. తుమకూరుకు తోడుపోవడానికి చార్జీ కూడా అక్కర్లేదు.

ఇష్టమున్నవాళ్లు ఈ పేజీ కింద ఖాళీ జాగాలో పేరు రాయండి. అంతకన్నా ముందు, ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో గోడకు ఆనుకొని కూర్చున్న మనిషి పక్కన కూర్చోండి. వాళ్లేం కోరుకుంటున్నారో అడగండి. "ఊఁ" అంటే వదిలేయకుండా మళ్లీ అడగండి.